లెజియోనేర్స్ నిమోనియా ఏ కాలంలో, ఎవరికి ఎక్కువగా వస్తుంది?

నిమోనియా చలికాలపు జబ్బు కదా, లెజియోనేర్స్ మాత్రం ఎండలు, వానలప్పుడు ఎందుకొస్తుందని అడిగారు. ఇంట్లో 70 ఏళ్ల అత్తమ్మ ఉన్నారన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. మాది హన్మకొండ, మా బాపుకు ఇదే వచ్చింది.

అమెరికా, యూరప్‌లలో వేసవి నుంచి చలి మొదలయ్యేలోపు కేసులు ఎక్కువ. కారణం నీళ్లు. ఈ జబ్బు తెచ్చే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా 25 నుంచి 45 డిగ్రీల నీళ్లలో బాగా పెరుగుతుంది. మన స్లాబు మీది నల్ల ట్యాంకులో ఏడాదిలో చాలా నెలలు నీళ్లు అంత వేడిగానే ఉంటాయి. అందుకే వాళ్ల క్యాలెండర్ మనకు సరిపోదు. ఏ నెల అన్నదానికంటే నీళ్లు ఎన్నాళ్లు కదలకుండా నిలిచాయో చూడండి.

బాపు రోహిణి కార్తెంతా కరీంనగర్‌లో అక్క దగ్గరుండి, వానలు పడ్డాక తాళం తీసి ఇంట్లోకి వచ్చాడు. వారం తిరగకముందే జ్వరం, పొడి దగ్గు, విరేచనాలు. తర్వాత పొంతన లేని మాటలు. అందరం డెంగీ అని టెన్షన్ పడ్డాం, రిపోర్టులో అది లేదు. రక్తంలో సోడియం బాగా పడిపోయింది. మామూలు ఇంజెక్షన్లతో జ్వరం దిగలేదు. అప్పుడు డాక్టరమ్మ "ఇల్లు మూసి ఉంచారా? షవర్ వాడారా?" అని అడిగి మూత్రపరీక్ష చేయించింది. అందులో బయటపడింది. అజిత్రోమైసిన్‌ మొదలుపెట్టాకే కోలుకున్నాడు.

బాపుకు అరవై దాటాయి, షుగర్ ఉంది, ఎన్నో ఏళ్లు బీడీలు తాగాడు. ఇది ఎక్కువగా పట్టేది ఇలాంటివాళ్లనే. 50 దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు, ఊపిరితిత్తుల, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు. ఆడవాళ్లకంటే మగవాళ్లకు ఎక్కువ. పిల్లలకు చాలా అరుదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా హోటల్లో 'అమెరికన్ లీజియన్' అనే మాజీ సైనికుల సంఘం సభ తర్వాత మొదటిసారి బయటపడింది కాబట్టే ఆ పేరు.

సాధారణంగా మనిషి నుంచి మనిషికి అంటదు, ఒకవేళ అత్తమ్మకు వచ్చినా దగ్గర కూర్చోవడానికి భయపడకండి. సన్నటి నీటి తుంపర్లు పీల్చితే వస్తుంది. పెద్ద భవనాల కూలింగ్ టవర్లు, ఫౌంటెన్లు, షవర్లు దీనికి దారులు. ఇంట్లోని స్ప్లిట్ ఏసీ నీళ్లతో చల్లబరచదు కాబట్టి దానితో భయం లేదు. కూలర్‌లో నీళ్లు మాత్రం నిల్వ ఉంచకండి.

ఊరెళ్లి వచ్చాక కిటికీలు తెరిచి నల్లాలన్నీ కాసేపు వదలండి. బోరు నీళ్లకు షవర్ రంధ్రాల్లో తెల్లగా పేరుకుంటుంది, విప్పి కడగండి. గీజర్ 60 డిగ్రీలకు పెట్టి, చన్నీళ్లు కలుపుకొని వాడండి. అత్తమ్మకు జ్వరం, దగ్గుతో పాటు మాటలు పొంతన లేకుండా వస్తే ఆలస్యం చేయకండి, ఈ జబ్బు వచ్చిన పదిమందిలో సుమారు ఒకరు చనిపోతారు. మూత్రపరీక్ష అన్ని రకాల లెజియోనెల్లాను పట్టుకోదు, కాబట్టి నెగెటివ్ వచ్చినా అనుమానముంటే కఫం పరీక్ష కూడా అడగండి.