బసవనగుడి ఇంటికి పెద్దమ్మ రాసేది

రవీ,

బసవనగుడిలో పాత ఇల్లు కొన్నావని తెలిసిన రోజే ఇక్కడ అనంతపురంలో వీధంతా చెప్పుకొచ్చాను. మనవాళ్లలో బెంగళూరులో సొంతిల్లంటే నీదే మొదటిది మరి. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, సంక్రాంతి సెలవుల్లో రిపేర్లన్నీ వీడియోలు చూసి నువ్వే చేస్తావని చెప్పింది. అప్పటినుంచీ టెన్షన్ పట్టుకుంది. మేకు కొట్టమంటే వేలు కొట్టుకునేవాడివి, నిచ్చెనెక్కుతావా?

సరే, చేసుకో. ఫ్యాన్ రెక్కలు తుడువు, ట్యాంకు కడిగించు, బాత్రూం జాలీల్లో వెంట్రుకలు తీసెయ్. వానల్లో బిగుసుకున్న తలుపు ఈపాటికి ఆరి దానంతటదే వదులై ఉంటుంది, చిత్రిక పట్టించే తొందర వద్దు.

మిద్దె పని మాత్రం ఇప్పుడే చెయ్యి. బెంగళూరులో జనవరి, ఫిబ్రవరిలో వాన దాదాపు ఉండదు. ఏప్రిల్‌లో మామిడి జల్లులు మొదలయ్యాక మేస్త్రీ కోసం పరుగెత్తితే దొరకడు. పిట్టగోడ, స్లాబు కలిసే మూల చూడు, నీళ్లు ఎక్కువగా దిగేది అక్కడే. నాలుగు బకెట్లు కుమ్మరించి ఎక్కడ నిలబడుతున్నాయో సుద్దముక్కతో గీత గీసి పెట్టుకో. పగుళ్లలో సిమెంటు పెడితే గోనెసంచులు తడిపి వారం రోజులైనా కప్పి ఉంచాలి. చలికాలమే కదా అనుకోకు, పొడిగాలికి తడి ఇట్టే లాగేస్తుంది. పైన వేసే వాటర్‌ప్రూఫ్ కోటింగు సంగతి వేరు, అది పొడి నేల మీదే పట్టుకుంటుంది. పొద్దున్నే మంచు పడి తడిగా ఉంటుంది, ఎండెక్కి నేల బాగా ఆరిందాకా బ్రష్షు ముట్టుకోకు.

కరెంటు దగ్గర నీ తెలివితేటలు వద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలువు. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కు తగిలిస్తే ప్లగ్గు కరిగిపోతుంది, 16 ఆంపియర్లది ఉండాల్సిందే. ఎంసీబీ ఉందిగా అంటావేమో. అది లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చు, అంతే గానీ షాకు నుంచి కాపాడదు. షాకు తప్పాలంటే, కరెంటు లీకైన వెంటనే పడిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చు కావాలి. ఉంటే దాని మీది టెస్ట్ బటన్ నొక్కి చూడు, పడకపోతే మార్పించు. పాత ఇల్లు కాబట్టి ఎర్తింగ్ గుంత ఎక్కడుందో వెతికి నీళ్లు పోయించు, ఎండిన మట్టిలో ఎర్తింగ్ సరిగా పనిచెయ్యదు.

ఇక అసలు సంగతి. కరెంటు బిల్లు కలిసొస్తుందని గ్యాస్ గీజర్ పెట్టిస్తున్నావట, చలిగాలి రాకుండా బాత్రూం వెంటిలేటర్ మూయిస్తావట. ఎవడిచ్చాడురా నీకీ సలహా?

మేం రాజాజినగర్‌లో అద్దెకున్నప్పుడు మీ పెద్దనాయన సరిగ్గా ఇదే చేశాడు. బాత్రూంలో చలి వణికిస్తోందని నేనే సణిగేదాన్ని. ఆయన పాత క్యాలెండరు అట్ట కత్తిరించి, వెంటిలేటర్ పలకల మీద పెట్టి, చుట్టూ టేపు అంటించాడు. ఎంత నీటుగా చేశాడో, ఒక్క సందు వదల్లేదు! గ్యాస్ లీకైతే వాసన వస్తుందిగా అనుకున్నాడు. సిలిండర్‌లో గ్యాసుకు ఆ వాసన కావాలని కలుపుతారు. అది కాలేటప్పుడు గాలి చాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది.

భోగి పొద్దున తలంటు కదా, చాలాసేపు నీళ్లు వదిలాను. తల బరువెక్కింది. ఖాళీ కడుపుతో ఉన్నా కదా, బీపీ తగ్గిందేమో అనుకున్నాను. లేద్దామంటే కాళ్లు నావి కావు. కేకేద్దామన్నా గొంతు పెగల్లేదు, చేతిలో చెంబు జారి పడింది. ఆ చప్పుడుకు మీ పెద్దనాయన వచ్చి తలుపు తన్నితే లోపలి అల్యూమినియం గడియ వంగి ఊడింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టేటప్పుడు కూడా నెత్తిన కుంకుడు నురగ అలాగే ఉందట. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోతే, ఈయన వద్దు సార్ అని బయటికి వెళ్లిపోయాడు. ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని, అదంతా వాడికెందుకు అంటున్నాడు. నీకే చెప్పాలి నాయనా.

సుమకు ఐదో నెల. ఆ గ్యాస్ కడుపులో బిడ్డను కూడా వదలదు. గ్యాస్ గీజరే కావాలంటే వంటింటి వెనక బట్టలుతికే యుటిలిటీలోనో బాల్కనీలోనో, గాలాడే చోట పెట్టించు. బాత్రూంలోకి వేడినీళ్ల పైపు ఒక్కటే రావాలి. మంట నీలంగా ఉండాలి, పసుపుగా కనిపిస్తే వెంటనే కట్టేసి మెకానిక్‌ను పిలువు. వెంటిలేటర్ జోలికి మాత్రం పోకు. చలేస్తే సుమను ఎండెక్కాక స్నానం చెయ్యమను, పొద్దున్నే చేసి ఎవర్ని ఉద్ధరించాలి?

నిచ్చెన ఎక్కేటప్పుడు కింద పట్టుకోమని ఆ పిల్లను పిలవొద్దు, వాచ్‌మన్‌ను పిలువు. పెయింట్ వేసే రోజుల్లో తనను మీ అమ్మ దగ్గరికి పంపించు. నీకూ వేళకు తిండి పెట్టేవాళ్లుండరు గానీ, వారం రోజులు పెరుగన్నంతో నెట్టుకొస్తే కరిగిపోవులే.

ఆదివారంలోపు బాత్రూం ఫొటో వాట్సాప్‌లో పంపు, వెంటిలేటర్ కనిపించాలి. లోపల సిలిండర్ కనపడిందో, మీ పెద్దనాయనను ఆ రాత్రికే బస్సెక్కిస్తాను. వచ్చాక నెల రోజులు కదలడు, ఆలోచించుకో.

మీ పెద్దమ్మ