ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కి ముందు కనెక్షన్ సంగతి చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మైకుల శబ్దాన్ని సరిచేసి స్పీకర్ల వైపు పంపే పెట్టె ఉందే, ఆ ఆడియో ప్రాసెసర్‌కి ఫర్మ్‌వేర్ (దాని లోపల నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. టెన్షన్‌గా ఉందన్నావు. అప్‌డేట్ మొదలయ్యాక నువ్వు చేసేది ఎదురుచూడటమే. అసలు పనంతా అంతకు ముందే, ల్యాప్‌టాప్‌కీ ఆ పెట్టెకీ మాట కలపడంలో ఉంటుంది. కాబట్టి నీ ఓపికంతా అక్కడ పెట్టు.

ముందు మాన్యువల్ చేతిలో పట్టుకుని పెట్టె వెనక పోర్టులు చూడు. నెట్‌వర్క్ సాకెట్లు చూడటానికి ఒకేలా ఉన్నా అన్నిటి పనీ ఒకటి కాదు. ఒకటి కంట్రోల్‌కి, ఇంకోటి డాంటే లాంటి ఆడియో నెట్‌వర్క్‌కి ఉండొచ్చు. గోడ మీది కంట్రోల్ ప్యానెళ్లకి వెళ్లే సాకెట్ కూడా కొన్నిటిలో అదే ఆకారంలో ఉంటుంది, అందులో కరెంటు కూడా వెళ్తుంది. ల్యాప్‌టాప్‌ని దానికి మాత్రం తగిలించకు. యూఎస్‌బీ పోర్టు ఉంది కదా అని కూడా నమ్మేయకు. కొన్నిటిలో అది పెన్‌డ్రైవ్‌కో రికార్డింగ్‌కో మాత్రమే.

నెట్‌వర్క్ కేబుల్ అయితే వైఫై ఆపేసి మొదలుపెట్టు. లేకపోతే ల్యాప్‌టాప్‌లో ఆ పెట్టె కోసం వేసుకున్న సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి దాన్ని వైఫైలో వెతుకుతూ కూర్చుంటుంది. తర్వాత ఐపీ అడ్రస్. పెట్టెది 192.168.1.50, మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతవరకో చెప్పేది) 255.255.255.0 అనుకో. ల్యాప్‌టాప్‌కి 192.168.1.60 లాంటిది, ఆ నెట్‌వర్క్‌లో ఇంకెవరూ వాడనిది, నువ్వే ఇవ్వు. మాస్క్ అదే ఉండాలి. ఒకే వీధిలో రెండు ఇళ్లలాగన్నమాట: వీధి పేరు కలవాలి, ఇంటి నంబర్ వేరుగా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, దానికి అడ్రస్ ఇచ్చేవాళ్లెవరూ దొరకలేదని అర్థం. పెట్టె కూడా 169.254లోనే ఉంటే పర్వాలేదు, రెండూ మాట్లాడుకుంటాయి.

ఇప్పుడు పింగ్ చేసి చూడు, అంటే పెట్టె అడ్రస్‌కి ల్యాప్‌టాప్ నుంచి ఓ చిన్న పలకరింపు పంపడం. పింగ్‌కి జవాబు వస్తున్నా సాఫ్ట్‌వేర్‌లో పెట్టె కనిపించకపోతే కేబుల్ జోలికి వెళ్లకు. ఎక్కువగా అది ల్యాప్‌టాప్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ పని. విండోస్ కొత్త నెట్‌వర్క్‌ని పబ్లిక్‌గా లెక్కేసి సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకుంటుంది. ప్రైవేట్‌కి మార్చి మళ్లీ వెతికించు.

పాత పెట్టెలకి తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టే ఉంటుంది. యూఎస్‌బీ అడాప్టర్ పెట్టాక విండోస్ డివైస్ మేనేజర్‌లో దాని కామ్ నంబర్ (విండోస్ ఆ పోర్టుకి ఇచ్చే నంబర్) చూసి, సాఫ్ట్‌వేర్‌లోనూ అదే ఎంచుకో. కేబుల్ స్ట్రెయిటా, 2, 3 పిన్నులు అటుదిటు మారే నల్ మోడెమా అన్నది మాన్యువల్ చెప్తుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే రెండూ వెంట తీసుకెళ్లు. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేట్ (డేటా వెళ్లే వేగం) తప్పు. ఏమీ రాకపోతే కేబుల్‌నీ కామ్ నంబర్‌నీ అనుమానించు.

కనెక్షన్ కుదిరింది కదా అని అప్‌డేట్ బటన్ నొక్కేయకు! ముందు పెట్టెలో ఇప్పుడు నడుస్తున్న సెట్టింగులు ల్యాప్‌టాప్‌లోకి దించి దాచుకో. ఎప్పుడో దాచిన పాత ఫైల్ చాలదు, తర్వాత ఎవరు ఏం మార్చారో ఎవరికి గుర్తుంటుంది? రిలీజ్ నోట్స్ చివరిదాకా చదువు. కొన్నిటికి పాత వెర్షన్ నుంచి నేరుగా కొత్తదానికి దూకడం కుదరదు, మధ్యలో ఇంకో వెర్షన్ వేయాలి. కొత్త ఫర్మ్‌వేర్‌కి ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ కూడా కొత్తదే కావాల్సి రావచ్చు.

యాంప్లిఫయర్లు ముందే ఆపేయి. పెట్టె రీస్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే ఠప్పుమనే శబ్దం స్పీకర్లని దెబ్బతీయగలదు. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి, స్లీప్ మోడ్ తీసేయి. పెట్టెని వీలైతే యూపీఎస్ మీద ఉంచు. కార్యక్రమం ఉన్న రోజు మాత్రం, ఎవరు తొందరపెట్టినా, ఈ పని ఒప్పుకోకు.

అప్‌డేట్ మధ్యలో తెర మీది ప్రోగ్రెస్ బార్ కదలనట్టు కనిపిస్తుంది. మెమరీ చెరిపి రాసేటప్పుడు అలాగే ఉంటుంది. పవర్ తీయకు, కేబుల్ ముట్టుకోకు. అయ్యాక వెర్షన్ నంబర్ చూసి, సెట్టింగులు పోయుంటే ఎక్కించి, మైకులన్నిటికీ మీటర్ కదులుతోందో లేదో చూశాకే యాంప్లిఫయర్లు వేయి.

పెట్టె మోడల్ నంబర్, వెనక వైపు ఫోటో ఒకటి నాకు పంపు. ఏ పోర్టుకి తగిలించాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య