వ్యాపార సలహాలు: కరపత్రంలో ఏం రాయాలి?

ప్రశ్న: మాకు బుచ్చిరెడ్డిపాళెంలో బియ్యం దుకాణం ఉంది. ఇటీవల కరపత్రాలు పంచాము, సెల్‌ఫోన్లకు సందేశాలు కూడా పంపించాము. ‘అత్యాధునిక సాంకేతిక పరిజ్ఞానంతో శుద్ధి చేయబడి, నాణ్యతలో జిల్లాలోనే నెంబర్ వన్‌గా నిలుస్తూ, వినియోగదారుల సంతృప్తే పరమావధిగా అందించబడుతున్న మేలురకం బియ్యం’ అని రాయించాము. ఫోన్లు వస్తున్నాయి గానీ అందరూ మళ్లీ మొదటినుంచి వివరాలు అడుగుతున్నారు. తగ్గించి రాస్తే దుకాణం చిన్నదనుకుంటారని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ఫోన్ చేసినవారు ఏం అడిగారో మీరు రాయలేదు గానీ, బియ్యం కొనేవారు ఏం అడుగుతారో ఊహించడం కష్టం కాదు. ఏ రకం, పాతవా కొత్తవా, సంచి ఎన్ని కిలోలు, ధర ఎంత, ఇంటికి పంపుతారా. మీ కరపత్రంలోని అంత పొడవాటి వాక్యంలో వీటిలో ఒక్కదానికీ సమాధానం లేదు. అందులోని ‘బియ్యం’ తీసేసి ‘సిమెంటు’ అని పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. అంటే అది మీ సరుకు గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట. ‘చేయబడి’, ‘అందించబడుతున్న’ వంటి మాటలు దుకాణంలో మీరే ఎన్నడూ పలకరు కదా!

మీ సరుకు ఫలానాది అనుకుని ఒక నమూనా రాస్తున్నాను: ‘నెల్లూరు మొలగొలుకులు, ఏడాది పాతవి. 10 కిలోలు రూ.720. ఇంటికి చేరుస్తాం.’ మొలగొలుకులు మన నెల్లూరు జిల్లాలో పేరున్న వరి రకం; ఆ పేరుకు విశేషణం తగిలించనక్కర్లేదు. అయితే సంచిలో నిజంగా ఆ రకమే ఉన్నప్పుడు మాత్రమే ఆ పేరు వాడండి.

సెల్‌ఫోన్ సందేశానికి క్లుప్తత డబ్బుతో కూడా ముడిపడిన విషయం. ఇంగ్లీషు లిపిలో ఒక సందేశానికి 160 అక్షరాల దాకా చోటుంటే, తెలుగు లిపిలో 70 మాత్రమే. అది దాటితే రెండు సందేశాల కింద లెక్కగడతారు. పైగా గుణింతపు గుర్తులు విడిగా, ఒక్కో ఒత్తు రెండుగా లెక్కకు వస్తాయి కనుక, కంటికి మూడక్షరాలుగా కనిపించే ‘నెల్లూరు’ అక్కడ ఎనిమిది అవుతుంది. పై నమూనా ఖాళీలు, చుక్కలతో సహా సరిగ్గా 70.

‘జిల్లాలోనే నెంబర్ వన్’ అన్న మాటను వెంటనే తీసేయండి. రుజువు చూపలేని గొప్పలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా పరిగణనకు రావచ్చు. అలాంటి ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఇక ముందే కట్టిన సంచి ధరను ప్రకటనలో వేస్తే, నికర బరువు కూడా వేయాలని 2009 తూనికలు కొలతల చట్టంలోని 18వ సెక్షన్ చెబుతోంది. ధర పెద్దక్షరాల్లో వేసి కిలోలు మరిచిపోయే కరపత్రాలు నాకు తరచూ కనిపిస్తుంటాయి. మీది అలా కాకూడదు.

మీ అబ్బాయి అనుమానానికి వస్తే, రెండు కరపత్రాలూ అతని చేతికే ఇచ్చి, దుకాణానికి వచ్చిన వారికి చదివి వినిపించమనండి. పాతది చదువుతుండగా, ‘అది సరే నాయనా, ధరెంత?’ అని వారు ఎక్కడ అడ్డుతగులుతారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టమనండి.