ఏఐ వచ్చాక కూడా హెచ్‌ఆర్ చదవొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో ఎంబీఏ మొదటి సంవత్సరం చదువుతోంది. హెచ్‌ఆర్ స్పెషలైజేషన్ తీసుకుని టాలెంట్ మేనేజ్‌మెంట్‌లోకి (ఉద్యోగులను ఎంచుకోవడం, వాళ్ల నైపుణ్యాలు పెంచడం) వెళ్తానంటోంది. ఆ పనులన్నీ ఏఐ చేసేస్తోందని విని మాకు టెన్షన్‌గా ఉంది. అనలిటిక్స్‌కు (డేటా విశ్లేషణ) మారమని చెప్పమంటారా?

జవాబు: వద్దండీ, మారమనకండి. మీ భయంలో కొంత నిజముంది. రెజ్యూమెల వడపోత, సెలవుల లెక్కలు, జీతాల స్లిప్పులు సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్తున్నాయి. కానీ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన ప్రతిచోటా, ఇన్నాళ్లూ ఆ పని చేసినవాళ్లు ఇక ఏం చేయాలన్న ప్రశ్న మొదలవుతుంది. మీ అమ్మాయి చేయబోయే అసలు పని అదే.

అమెరికా టెలికాం సంస్థ ఏటీ అండ్ టీని చూడండి. పరికరాల మీద నడిచే నెట్‌వర్క్‌ను సాఫ్ట్‌వేర్ మీదికి మార్చాల్సి వచ్చినప్పుడు, ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు బయట సరిపడా దొరకరని దానికి అర్థమైంది. 2013లో తన ఉద్యోగులకే మళ్లీ శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టి, అందుకు 100 కోట్ల డాలర్లు కేటాయించింది. జార్జియా టెక్ 2014లో ప్రారంభించిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కు తోడ్పడింది. ఏ ఉద్యోగానికి గిరాకీ పెరుగుతోంది, దానికేం నేర్చుకోవాలి, జీతమెంత ఉంటుందన్నది ఉద్యోగులే చూసుకునే ఏర్పాటు చేసింది. నాకు ఇందులో బాగా నచ్చింది ఈ చివరిదే. తర్వాత అక్కడా ఉద్యోగాల కోత తప్పలేదు. అందరినీ శిక్షణే కాపాడేస్తుందని నేను చెప్పను.

పర్యావరణం వైపు మార్పులోనూ ఇదే చిక్కు. ఇంజిన్ భాగాలు చేసే ఫ్యాక్టరీ ఎలక్ట్రిక్ వాహనాల వైపు మళ్లితే, ఇరవై ఏళ్ల అనుభవమున్న మెషినిస్టుకు హై వోల్టేజ్ భద్రత ఎవరు నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి? మన చట్టాలూ దీన్ని పట్టించుకుంటున్నాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, రిట్రెంచ్‌మెంట్ (సిబ్బంది తగ్గింపు) కింద తీసేసిన ఒక్కో కార్మికుడికి 15 రోజుల వేతనాన్ని యజమాని రీస్కిల్లింగ్ ఫండ్‌లో (కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికి ఉద్దేశించిన నిధి) జమ చేయాలి. స్టాక్ మార్కెట్లో లిస్టయినవాటిలో మార్కెట్ విలువ ప్రకారం తొలి 1000 కంపెనీలు, మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదికను 2022-23 నుంచి ఇవ్వాలి. కర్బన ఉద్గారాలే కాదు, ఉద్యోగుల శిక్షణ, ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్ల వివరాలూ అందులో ఉంటాయి.

అందుకే హెచ్‌ఆరే తీసుకోనివ్వండి. కాలేజీలో వీలుంటే అనలిటిక్స్‌ను రెండో స్పెషలైజేషన్‌గా పెట్టుకోమనండి. ఎక్సెల్, పవర్ బీఐ (డేటాను చార్టులుగా చూపే సాఫ్ట్‌వేర్), కార్మిక చట్టాలు గట్టిగా రావాలి. వేసవి ప్రాజెక్టుకు మాత్రం రోజంతా అభ్యర్థులకు ఫోన్లు చేయించే కన్సల్టెన్సీల జోలికి పోవద్దు. ఏదైనా ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌లో చేరి, సూపర్‌వైజర్లతో కూర్చుని ఒక్క విభాగానికైనా స్కిల్ మ్యాట్రిక్స్ (ఎవరికి ఏ పని ఎంతవరకు వచ్చో చూపే పట్టిక) తయారు చేస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి గట్టి విషయం దొరుకుతుంది.

మొదటి ఉద్యోగం బహుశా రిక్రూట్‌మెంట్‌లోనే దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల కంటే జీతం తక్కువ ఉండొచ్చు. ఆ సమయంలో పక్కింటివాళ్లతో పోల్చకుండా ఆమెకు రెండేళ్లు టైమివ్వండి.