మొదటి భాగం కన్నా బాగున్న హారర్ సీక్వెల్ ఏదైనా ఉందా?

ఉంది. ఎవరడిగినా నేను ముందు చెప్పే పేరు ‘ఓయిజా: ఆరిజిన్ ఆఫ్ ఈవిల్’. 2016లో వచ్చింది. ఓయిజా అంటే చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడటానికని వాడే అక్షరాల బోర్డు. నిజానికి ఇది ప్రీక్వెల్. మొదటి సినిమాకి చాలా ఏళ్ల ముందు, 1967లో, లాస్ ఏంజెలెస్‌లో జరిగే కథ.

2014లో వచ్చిన మొదటి ‘ఓయిజా’ని మా చెల్లితో కలిసి చూశాను. నిశ్శబ్దం, ఉన్నట్టుండి పెద్ద శబ్దం, మనం ఉలిక్కిపడటం, మళ్లీ అదే. ఎవరు చనిపోయినా అయ్యో అనిపించలేదు. వాళ్లెలాంటివాళ్లో తెలిస్తే కదా! సినిమా అయిపోగానే ఇద్దరం హాయిగా నిద్రపోయాం. అందుకే రెండోది వచ్చినా చాలాకాలం దాని జోలికి పోలేదు. ‘హష్’ అనే హారర్ సినిమా తీసిన మైక్ ఫ్లానగనే దీనికీ దర్శకుడని తెలిశాక చూశాను.

ఇందులో ఆలిస్‌కి భర్త లేడు. లీనా, డోరిస్ అని ఇద్దరు కూతుళ్లు. చనిపోయినవాళ్లతో మాట్లాడిస్తానని ఆలిస్ డబ్బు తీసుకుంటుంది. అదంతా ఉత్తుత్తిదే, చాటున ఉండి సాయం చేసేది పిల్లలే. కానీ తను మోసం చేస్తున్నానని ఆమె అనుకోదు, వచ్చినవాళ్లకి కాస్త మనశ్శాంతి ఇస్తున్నానని నమ్ముతుంది. ఇంకోపక్క ఇల్లు చేజారిపోతుందన్న టెన్షన్, చిన్నదానికి నాన్న మీద బెంగ. ఈ ముగ్గురి మీదా మనకి మమకారం పుట్టాకే బోర్డు తన పని మొదలుపెడుతుంది. కూతురి ద్వారా భర్తే మాట్లాడుతున్నాడని ఆలిస్ మొహం వెలిగిపోతుంది చూడండి, నాకు దెయ్యం కన్నా ఆ సంతోషమే ఎక్కువ భయం వేసింది.

డోరిస్‌గా చేసిన లూలూ విల్సన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. అక్క స్నేహితుడు ఒంటరిగా దొరికితే, గొంతు నులిమి చంపేటప్పుడు మనిషికి ఎలా ఉంటుందో దశలవారీగా వివరిస్తుంది. కెమెరా ఆ పిల్ల మొహం మీదే ఉంటుంది. స్కూల్లో నేర్చుకున్న పాఠం అప్పజెప్పినంత మామూలుగా చెప్పి, నవ్వి, గుడ్ నైట్ చెప్పి వెళ్లిపోతుంది. శబ్దం లేదు, రక్తం లేదు. అక్కడ సినిమా ఆపి, లైటు వేసి, కాసేపయ్యాక మళ్లీ మొదలుపెట్టాను.

పిల్లలు చదివే స్కూల్లోని ఫాదర్ టామ్ సీన్ కూడా అంతే. ఆ పాత్ర వేసింది, 1982లో ‘ఈ.టి.’లో కుర్రాడిగా చేసిన హెన్రీ థామస్. తను ఫాదర్ కాకముందే చనిపోయిన భార్యతో మాట్లాడించమని ఆయన డోరిస్ ముందు కూర్చుంటాడు. అన్నీ అడిగి, మెచ్చుకుని, బయటికొచ్చాక అసలు సంగతి చెప్తాడు: జవాబులిచ్చింది భార్య కాదు, ఎవరో తన మనసులోని ఆలోచనలు చదివి తిరిగి తనకే అప్పజెప్పారు. అప్పటిదాకా మనం చూసిందంతా ఆ ఒక్క మాటతో తలకిందులవుతుంది.

తీసిన తీరు కూడా ఆ కాలానికి తగ్గట్టే ఉంటుంది. మొదట్లో యూనివర్సల్ వాళ్ల పాత లోగో వేశారు. అక్కడక్కడా కుడివైపు పైమూలలో ఒక చుక్క మెరిసి మాయమవుతుంది. రీలు మార్చాలని ప్రొజెక్టర్ నడిపేవాళ్లకి ఒకప్పుడు ఫిల్మ్ మీద ఉండే గుర్తు అది. దాన్ని కావాలనే పెట్టారు.

లోపం లేదని కాదు. ఆఖరి భాగంలో హడావిడి ఎక్కువైంది. డోరిస్ నోరు సాగే గ్రాఫిక్స్ అంత అవసరం లేదు, ఆ పిల్ల చూపే చాలు. మొదటి సినిమాకి కలపాల్సి రావడంతో ముగింపు కూడా కాస్త ఇరుకున పడింది. అయినా లీనా పరిస్థితి తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు బరువెక్కుతుంది.

మొదటిది చూడకపోయినా దీన్ని నేరుగా చూసేయొచ్చు. పేర్లు పడటం అయ్యేదాకా మాత్రం లేవకండి, ఆ తర్వాత ఒక చిన్న సీన్ ఉంది. అదొక్కటే మొదటి సినిమా చూసినవాళ్లకి బాగా అర్థమవుతుంది.