విషాహారమా, వికటించిన ఆహారమా?

సందేహం: తినే వస్తువుల చుట్టూ జరిగిన నేరాలు, దుర్ఘటనల గురించి చారిత్రక కథనాలు రాస్తున్నాను. వసతిగృహంలో పాచిపోయిన కూర తిని పిల్లలు కేజీహెచ్ ఆసుపత్రిలో చేరితే 'విషాహారం తిని అస్వస్థత' అంటున్నారు. ఆస్తి కోసం అన్నంలో విషం కలిపి పెట్టినా 'విషాహారం' అనే అంటున్నారు. రెండింటికీ ఒకే మాట చెల్లుతుందా? విషప్రయోగం, కల్తీ అనే మాటలను ఎక్కడ వాడాలి? నా కథనాలకు 'విషాహార చరిత్ర' అని పేరు పెట్టవచ్చా? (ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం)

సమాధానం: వ్యాకరణం దృష్టిలో 'విషాహారం' సాధువైన సమాసమే. విషంతో కూడిన ఆహారం అని దాని అర్థం. అయితే ఆ విషం ఎలా వచ్చిందో, ఎవరైనా కలిపారో, పొరపాటున పడిందో, నిల్వ ఉండటం వల్ల అందులోనే పుట్టిందో ఆ సమాసం చెప్పదు. చెడిపోయిన కూరలో విషం ఎక్కడుందని కొందరు వాదిస్తారు గాని, ఆ వాదన నిలవదు. స్టెఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియా ఆహారంలో వదిలే పదార్థం నిజంగా విషమే, మళ్లీ వేడిచేసినంత మాత్రాన అది నశించదు కూడా.

అర్థం సరిపోయినంత మాత్రాన ప్రయోగం ఉచితమైపోదు. ప్రమాణకోటి దగ్గర దుర్యోధనుడు భీముడికి విషాన్నం పెట్టించిన కథ వింటూ పెరిగిన తెలుగు పాఠకుడు 'విషం', 'అన్నం' అనే మాటలు జంటగా కనబడగానే పెట్టిన వాడెవడని వెతుకుతాడు. వసతిగృహం వార్తలో ఆ చూపు నేరుగా వంటమనిషి మీద పడుతుంది. అతడు చేసిన తప్పు కూరను మూత సరిగా పెట్టకుండా రాత్రంతా వదిలేయడమే కావచ్చు. అలాంటి చోట 'ఆహారం వికటించి', 'కలుషితాహారం తిని' అనే మాటలు సరిపోతాయి. విశాఖ ఇళ్లలో 'తిన్నది పడలేదు' అనో, 'ఫుడ్ పాయిజన్ అయింది' అనో అంటారు. ఆ వాడుకలో ఎవరి మీదా నింద లేదు. 'వికటించు' అనే క్రియలోనూ అంతే, జరిగిన కీడు మాత్రమే తెలుస్తుంది. అందుకే నాకు అది మెరుగైన మాటగా తోస్తుంది.

'విషప్రయోగం' సంగతి వేరు. ప్రయోగించే వాడు లేనిదే ప్రయోగం ఉండదు కనుక, అస్త్రప్రయోగంలో లాగానే ఇక్కడ కూడా కర్త, అతడి ఉద్దేశం సమాసంలోనే ఇమిడి ఉంటాయి. మన పూర్వులు రాజు భోజనం విషయంలో భయపడింది దీనికే. రాజు తినబోయే అన్నాన్ని ముందుగా నిప్పులో వేసి, పక్షులకు పెట్టి చూడాలని, విషం ఉంటే మంట, పొగ నీలంగా మారి చిటపటలాడతాయని కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలో చెప్పాడు. సుశ్రుతసంహిత కల్పస్థానంలో మొదటి అధ్యాయం పేరే 'అన్నపానరక్షాకల్పం'. విషం కలిసిన అన్నాన్ని చూస్తే చకోరపక్షి కన్నుల రంగు మారుతుందని అందులో ఉంది. ఈ గుర్తులు నేటి రసాయనశాస్త్రానికి నిలవవు గాని, కలిపిన చేతిని పట్టుకోవాలన్న ఆరాటం అప్పటికే ఎంత బలంగా ఉందో వాటి వల్ల తెలుస్తుంది.

ఆ పట్టుకోవడం న్యాయస్థానంలో రసాయన పరీక్షతో జరిగిన కేసుల్లో ఫ్రాన్స్‌లోని లఫార్జ్ కేసు ప్రసిద్ధమైనది. భార్య మేరీ పంపిన కేకు తిని పారిస్‌లో జబ్బుపడిన చార్లెస్ లఫార్జ్, ఇంటికి చేరాక 1840 జనవరిలో చనిపోయాడు. స్థానిక నిపుణులు శవంలో ఏమీ తేల్చలేకపోయారు. అప్పుడు ఓర్ఫిలా అనే శాస్త్రవేత్త వచ్చి, 1836లో వెలుగులోకి వచ్చిన మార్ష్ అనే రసాయన పరీక్షతో శవంలో పాషాణం (ఆర్సెనిక్) అనే విషం ఉందని చూపాడు. మేరీకి యావజ్జీవ శిక్ష పడింది. ఈ కథలో మీరు నిస్సంకోచంగా 'విషప్రయోగం' అని రాయవచ్చు. ఆర్సెనిక్‌ను 'పాషాణం' అనడం కూడా తెలుగులో స్థిరపడిన వాడుకే. ఆ మాటకు రాయి అనే అర్థం కూడా ఉంది కనుక మొదటిసారి వాడేటప్పుడు 'పాషాణం అనే విషం' అంటే చాలు.

ఇక మీ సందేహంలోని క్లిష్టమైన భాగం కల్తీ. ఇక్కడ నామవాచకాల కంటే మన క్రియలే ఎక్కువ సాయం చేస్తాయి. 'కలిసింది' అకర్మకం, అందులో చేసిన వారు కనబడరు. 'కలిపారు' సకర్మకం, అందులో కనబడతారు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో 1858లో జరిగిన మిఠాయిల దుర్ఘటనను ఈ రెండు క్రియలతో చెప్పి చూడండి. చక్కెర ఖరీదైనది కనుక మిఠాయిల్లో జిప్సం పొడి కలపడం ఆ కాలపు వ్యాపారుల అలవాటు. ఆ పొడి కోసం మందుల దుకాణానికి మనిషిని పంపితే, అక్కడి సహాయకుడు పొరపాటున వేరే పీపాలోని పాషాణాన్ని తూచి ఇచ్చాడు. రెండూ తెల్లటి పొడులే. ఆ మిఠాయిలు తిని సుమారు 20 మంది చనిపోయారు, 200 మందికి పైగా జబ్బుపడ్డారు. మిఠాయి తయారీదారు కల్తీ చేయాలనుకున్న మాట నిజం, చంపాలనుకున్నది మాత్రం అబద్ధం. కనుక 'చక్కెరలో జిప్సం కలపబోయారు, పాషాణం కలిసింది' అనే వాక్యం ఆ కేసులో ఎవరి బాధ్యత ఎంతో ఒక్క పంక్తిలో చెబుతుంది. అదే దుర్ఘటనను 'విషప్రయోగం' అంటే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. ఉత్త 'ప్రమాదం' అంటే కల్తీ చేయబోయిన వారిని వదిలేసినట్టవుతుంది. ఆ మరణాల వల్ల పుట్టిన ఆందోళన 1860 నాటి కల్తీ నిరోధక చట్టానికి, విషాల అమ్మకాన్ని కట్టడి చేసిన 1868 నాటి ఫార్మసీ చట్టానికి తోడ్పడింది.

2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన ఘోరానికి 'విషాహారం' అక్షరాలా సరిపోతుంది, ఎందుకంటే వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అక్కడ 'నూనెలో పురుగుమందు కలిసింది' అనేంతవరకు రుజువైన మాట.

చంపడం ఉద్దేశం కాని మరో రకం నేరం కూడా ఉంది. పూర్వం బాటసారులతో స్నేహం చేసి, తిండిలో ఉమ్మెత్త గింజల పొడి కలిపి, స్పృహ తప్పాక దోచుకునే ముఠాలు ఉండేవి. రైళ్లలో అపరిచితులు ఇచ్చే తినుబండారాలు తీసుకోవద్దని విశాఖ స్టేషన్‌లో మనం వినే హెచ్చరిక ఆ పాత నేరానికి సంబంధించినదే. దీనికి 'మత్తుమందు కలిపి దోపిడీ' అని రాయండి. 'మందు పెట్టి' అని మాత్రం రాయవద్దు. మన ఊళ్లలో ఆ పలుకుబడికి వశీకరణం కోసం తిండిలో ఏదో కలిపారనే నమ్మకం అంటుకుని ఉంది, నేరకథనంలో అది అనవసరమైన అనుమానాలకు తావిస్తుంది. భారతీయ న్యాయ సంహిత కూడా నేరం చేసే ఉద్దేశంతో విషం గాని, మత్తు పదార్థం గాని ఇచ్చి హాని చేయడాన్ని 123వ సెక్షన్‌లోనూ, అమ్మే ఆహారాన్ని కల్తీ చేయడాన్ని 274వ సెక్షన్‌లోనూ వేరువేరుగా ఉంచింది.

సమకాలీన కేసుల గురించి రాసేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త తీసుకోండి. శవపరీక్షలో తీసిన భాగాలను ప్రయోగశాలకు పంపి నివేదిక వచ్చేవరకు 'విషప్రయోగం జరిగినట్లు అనుమానం' అన్న పరిమితిని దాటకూడదు. నివేదిక వచ్చినా అది విషం ఉందని మాత్రమే చెబుతుంది, కలిపినది ఎవరో న్యాయస్థానం తేల్చాలి.

మీ శీర్షిక గురించి చెప్పాలంటే, 'విషాహార చరిత్ర' అనే పేరులో బ్రాడ్‌ఫర్డ్, గండామన్ ఇముడుతాయి గాని ఉమ్మెత్త ముఠాల కథ సరిగా ఇమడదు. మీరు కల్తీ గురించి కూడా విస్తారంగా రాయదలిస్తే ఆ పేరు మరింత ఇరుకవుతుంది. 'తిండిలో దాగిన నేరం' అంటే పొరపాటున జరిగినవి బయట ఉండిపోతాయి. 'తిండి తెచ్చిన చావులు' అంటే చావు లేని దోపిడీలు ఉండవు. నా మటుకు నేను 'తిండి వెనుక కథలు' అని పెట్టి, నేరమో పొరపాటో ఏ కథకా కథలో క్రియలతో తేల్చి చెప్పమంటాను.