ముసలి కుక్కకు చెవుడనుకునే ముందు చెవి వాసన చూడండి

అన్నా, మీ ల్యాబ్రడార్ కుక్కకు పదకొండేళ్లన్నారు. నెల నుంచి పిలిస్తే పలకడం లేదు, కుడి చెవి ఒకటే గోక్కుంటోంది, తల విదిలిస్తోంది, దగ్గరికెళితే వాసన. ఇంటిపక్కవాళ్లేమో వయసైపోయింది, చెవుడొచ్చింది, వేపనూనె పోస్తే చాలన్నారు. పోయాలా వద్దా అని మీ ప్రశ్న. పోయొద్దు. ముందు పశువుల డాక్టరుకు చెవి లోపల చూపించండి.

వయసుతో వచ్చే చెవుడుకు వాసన ఉండదు, దురద ఉండదు. మెల్లమెల్లగా, మామూలుగా రెండు చెవులకూ వస్తుంది. సన్నటి శబ్దాలు ముందు వినపడకుండా పోతాయి. అందుకే ఈల వేస్తే కదలని ముసలి కుక్క కూడా గేటు దబ్బున పడితే తలెత్తుతుంది. మీరు చెప్పింది అది కాదు. ఒక చెవి, కంపు, గోకుడు, అదీ నెల రోజుల్లో. ఇన్‌ఫెక్షన్‌తో చెవి గొట్టం వాచి, గులిమితో పూడిపోతే శబ్దం లోపలికి పోదు. వాపు తగ్గితే ఆ వినికిడి చాలావరకు తిరిగొస్తుంది. వయసు చెవుడుతో పోయింది మాత్రం తిరిగిరాదు. మీవాడికి రెండూ కలిసే ఉండొచ్చు, అది కూడా చూస్తేనే తెలుస్తుంది.

మాది ప్రొద్దుటూరు. మా కుక్క రాజాగాడు కుక్కర్ కూత వినగానే వంటింటి గడప దగ్గర తయారు. అలాంటిది కూతలు వస్తున్నా పడుకునే ఉన్నాడు. ఇంట్లో అందరం వయసే అనుకున్నాం. వాడు పడుకునే మూల సున్నం గోడ మీద, వాడి తల ఎత్తులో, గోధుమరంగు చుక్కలు చూసింది మా ఆవిడ. తల విదిలించినప్పుడల్లా చెవిలోది చింది పడినవి అవి. ఇక్కడి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాం. చెవిలోంచి కొంచెం తీసి, గాజుపలక మీద రాసి, మైక్రోస్కోప్ కింద చూసి ఈస్ట్ అనే ఫంగస్ అన్నారు. ఈ పరీక్ష చేయమని మీరూ అడగండి. ఈస్ట్‌కు ఒక మందు, బ్యాక్టీరియాకు వేరే మందు, చెవి పురుగులకు ఇంకొకటి. చూడకుండా రాసిచ్చే చుక్కల మందుతో ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి.

కుక్క చెవి గొట్టం మన చెవిలా నేరుగా ఉండదు. కిందికి దిగి, నీళ్ల పైపుకు వేసే ఎల్బోలా లోపలికి తిరుగుతుంది. తడి ఆ మలుపు దగ్గరే నిలిచిపోతుంది. ల్యాబ్‌కు చెవి వాలి ఉంటుంది, గాలి ఆడదు. ఎండాకాలం కేసీ కాలువలో ఈత కొట్టిస్తామని రాశారు కదా, ఈత మాన్పించక్కర్లేదు, బయటికి రాగానే చెవులు ఆరబెట్టండి.

నూనె ఎందుకు వద్దంటున్నానంటే, కర్ణభేరి చిల్లిపడి ఉంటే మనం పోసింది లోపలి చెవి దాకా పోతుంది. అలాంటప్పుడు జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు కూడా ఉన్న వినికిడిని శాశ్వతంగా పోగొట్టగలవు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలే వద్దు. మనుషులకు తెచ్చి మిగిలిన చుక్కల మందు కూడా అంతే. డాక్టరు లైటు పెట్టి కర్ణభేరి చూశాకే ఏదైనా వేయాలి. బాగా వాచి కనపడకపోతే ముందు వాపు తగ్గడానికి మాత్రలిచ్చి, తర్వాత చూస్తారు. తల ఒక పక్కకు వాలినా, తూలినా, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నా ఆ రోజే తీసుకెళ్లండి.

శుభ్రం చేయడం చెప్తాను, అందరూ తడబడేది ఇక్కడే. డాక్టరిచ్చిన క్లీనర్ సీసాను కాసేపు అరచేతిలో పట్టుకోండి, చల్లగా పోస్తే రెండోసారి దగ్గరికి రానివ్వడు. చెవి పైకెత్తి నిండా పోసి, చెవి మొదట్లో కింద వేళ్లతో నెమ్మదిగా పిసకండి. లోపల పచపచమని వినపడాలి. రాజాగాడైతే ఆ పని చేసేటప్పుడు కళ్లు మూసుకుని తల మొత్తం నా చేతి మీద వాల్చేవాడు. వదలగానే విదిలిస్తాడు, పాత చొక్కా వేసుకోండి. పైకొచ్చిన మురికిని దూదితో తుడవండి. ఇయర్ బడ్ పెడితే మురికి ఇంకా లోపలికి పోతుంది.

చుక్కల మందులో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజుల్లోనే గోకుడు ఆగిపోతుంది. తగ్గిపోయిందని చాలామంది అక్కడే మానేస్తారు, మళ్లీ వస్తుంది. డాక్టరు మళ్లీ చూసి చాలనే దాకా వేయండి. ఇలా ఏళ్లు సాగితే గొట్టం చర్మం దళసరెక్కి పూడుకుపోతుంది, అప్పుడిక ఆపరేషనే. మాటిమాటికీ వస్తుంటే చెవిని మాత్రమే కాదు, అలర్జీ ఉందేమో చూడమనండి. పాదాలు నాకుతూ ఉంటే ఆ అనుమానం ఇంకా ఎక్కువ. వయసు మీద పడిన కుక్కల్లో థైరాయిడ్ కూడా చూస్తారు.

మందంతా అయ్యాక కూడా వినకపోతే అది వయసుది కావచ్చు. చేతి సైగలు ఇప్పటినుంచే అలవాటు చేయండి, చూపు ఉన్నంతవరకు బాగా పట్టుకుంటాడు. నిద్రలో ఉన్నప్పుడు ఒక్కసారిగా తాకొద్దు, ఉలిక్కిపడి కరిచే ప్రమాదముంది. ముందు నేల మీద కాలితో తట్టండి. పిల్లలకు ఈ సంగతి గట్టిగా చెప్పండి. ఒక్క చెవే వినపడే కుక్కకు ఆటో ఏ వైపు నుంచి వస్తోందో తెలియదు, కాబట్టి గొలుసు లేకుండా రోడ్డు మీదికి వదలొద్దు.